కంపెనోడు భయస్థుడు

సోమనర్సయ్యకు ఈ భూమ్మీద ఒక్కడే శత్రువు, కంపెనీవాడు. ఏ కంపెనీ అని అడక్కండి. ఏ వస్తువు చేసినవాడైనా దానికింత వేగమని నిర్ణయించి పంపిస్తాడు కదా, ఆ వేగం చూస్తేనే ఈయనకు ఒళ్లు మండిపోతుంది. "కంపెనోడు భయస్థుడు. ఉరికేదాన్ని కట్టేసి అమ్ముతడు. మనమెందుకు భయపడాలె?" అంటూ స్క్రూడ్రైవర్ తీస్తాడు. అక్కణ్నుంచి ఆ వస్తువుకు దేవుడే దిక్కు.

మహబూబాబాద్ స్టేషన్‌కు పోయే దారిలో ఆయనకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. జబ్బు కంప్యూటర్ల దగ్గర ఆగితే బాగుండేది. ఇంట్లో మిక్సీ వేగం పెంచాడు. ఆ పూట ఆయన భార్య శాంతి పల్లీల చట్నీని గోడమీంచి గీకి వడ్డించింది. మంగలి దుకాణంలో ఫ్యాన్ వేగం పెంచాడు. గడ్డం గీయించుకుంటున్న పెద్దమనిషి మొహం మీది నురగ లేచిపోయి పక్క కుర్చీవాడి మీసం మీద వాలింది. చివరికి తన గోడ గడియారాన్నీ వదల్లేదు. దాన్ని చూసుకుని కాజీపేట బండికి పోయి, బండి ఆలస్యమని రైల్వేవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాడు. బండి సరిగ్గా వేళకే వచ్చింది పాపం.

ఇన్ని తెలిసీ గీత తన కంప్యూటర్‌ను ఆయన చేతిలో పెట్టింది. గీతది కురవి దగ్గర తండా. పెళ్లి వీడియోలను కోసి, అతికించి, పాటలు కలిపే పని ఆమెది. జనం దాన్ని మిక్సింగ్ అంటారు. వరంగల్‌లో ఒకరి కింద చేసి చేసి విసిగిపోయి, సోమనర్సయ్య దుకాణం పక్కనే ఒక గది తీసుకుంది. తన స్తోమతుకు తగ్గ కంప్యూటర్ ఒకటి కొంది. అది పెళ్లి వీడియో తయారు చేయడానికి పెళ్లికన్నా ఎక్కువసేపు తీసుకునేది.

ఆయన చూస్తూ ఊరుకోలేకపోయాడు. "చెల్లె, నా దగ్గర ఇంతకన్న పెద్ద ప్రాసెసర్, అంటె మెదడసొంటిది, ఉన్నది. పెట్టుకుంటవా?"

"ఊరికెనే ఇస్తె నాకొద్దన్నా." గీతకు అదొక పంతం. ఎవరిదగ్గరా గ్లాసుడు మజ్జిగ కూడా ఊరికే తాగదు.

"ఊరికెనేమిటికి? అయితె సెట్టింగులు మారుస్త. కరెంటు జర ఎక్కువ తాపుత. గదే ఉరుకుతది."

"కాలిపోతదేమో?"

"కంపెనోడు భయస్థుడు. నువ్వు గూడ భయస్థురాలివేనా?"

మర్నాటికి ఆ కంప్యూటర్ నిజంగానే ఉరికింది. సెట్టింగుల కూలి కింద సోమనర్సయ్య ఒక చాయ, నాలుగు మిర్చి బజ్జీలు పుచ్చుకున్నాడు. బజ్జీలు వేడిగా లేవని వెనక్కి పంపి మళ్లీ తెప్పించుకున్నాడు కూడా. పోతూ పోతూ కంప్యూటర్ మీద ఒక కాగితం అతికించాడు. 'మూత తెరిస్తే వేగం పోవును' అని.

అందరికీ ఇలా కలిసిరాలేదు. బడిలో లెక్కలు చెప్పే భాస్కర్ సారు సంగతే చూడండి. సారు కంప్యూటర్‌కు సోమనర్సయ్య వేగం పెంచి బటన్ నొక్కాడు. దీపం వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, ఆగిపోయింది. మళ్లీ వెలిగింది, తిరిగింది, ఆగిపోయింది. సోమనర్సయ్య దాని ముందు గొంతుక్కూర్చుని "లే బిడ్డా, లే నాయినా" అని బతిమాలాడు. "కరెంటు చాలుతలేదు" అని ఒక మెట్టు పెంచాడు. లేచింది. కాసేపటికి "వేడెక్కింది" అని ఒక మెట్టు దించాడు. పడుకుంది. ఆఖరికి లోపలి బోర్డు మీదుండే బిళ్ల బ్యాటరీని పీకాడు. అది పీకి కాస్త ఆగితే, ఈయన నేర్పిన చెడుబుద్ధులన్నీ మరిచిపోయి బోర్డు మళ్లీ కంపెనీవాడి మాట వింటుంది. వినడానికైతే వింది గానీ, ఆ బ్యాటరీని తిరిగి పెట్టడం మరిచి చొక్కా జేబులో వేసుకుని ఇంటికి పోయాడు. శాంతి ఆ చొక్కా నానబెట్టింది. బ్యాటరీ లేని బోర్డుకు తేదీ గుర్తుండదు, ఆపి వేసినప్పుడల్లా ఏళ్ల వెనక్కి పోతుంది. వారం తిరక్కుండా సారు వచ్చాడు.

"నర్సన్నా, నా కంప్యూటర్ల నాకింకా పెండ్లే గాలే!"

"మంచిదే గద సారూ. జర ఆలోచించుకునే మోక దొరికింది."

ఇక ఆయన సొంత కంప్యూటర్ గురించి చెప్పాలి. దాని పేరు రాకెట్. దుకాణం మూలన నల్లగుడ్డ కప్పుకుని ఉంటుంది. గీత గది తెరిచిన కొత్తలో దసరాకు దాని మూత తీసి, లోపల ప్రాసెసర్ మీదుండే ఫ్యాన్‌కు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. ప్రసాదం గీతకూ పెట్టాడు. అన్యుల మిషన్లకు మాత్రం బొట్టు పెట్టడు, ఎవరి మిషన్‌కు వాళ్లే మొక్కుకోవాలంటాడు. ఆ దసరా తర్వాత రాకెట్ నడవగా చూసిన బయటివాళ్లు లేరు. అడిగితే "దాన్ని చాలు చేస్తె బజార్ల కరెంటంత గుంజుతది" అని కసిరేవాడు.

మొన్న గీతకు సొంతంగా మొదటి పెద్ద పని దొరికింది. వాళ్ల తండాలోని లింగ్యా కూతురి పెళ్లి. పెళ్లయ్యాక ఒక సాయంత్రం కురవిలో విందు, అక్కడ పెద్ద తెరమీద పెళ్లి వీడియో వేయాలి. చుట్టుపక్కల తండాలన్నీ వస్తాయి. వీడియో బాగుంటే ఈ ఏడాది పెళ్లిళ్లన్నీ గీతవే. తెర ఖాళీగా ఉంటే ఈమె గది ఖాళీ చేసి మళ్లీ వరంగల్ బస్సెక్కాలి.

విందు నాటి పొద్దున చూస్తే పని ఇంకా మిగిలే ఉంది, వేగం చాలేట్టు లేదు. సోమనర్సయ్యేమో వరికోతలని మహదేవపూర్‌లో చెల్లెలింటికి పోయాడు. "కంపెనోడు భయస్థుడు" అనుకుంది గీత. కంప్యూటర్ కొన్నప్పటి డబ్బా మీద ప్రాసెసర్ పేరు చూసి, దానికి ఎంత వేగం, ఎంత కరెంటు పెట్టాలో ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఎవరో చెబుతుంటే విని, పొల్లుపోకుండా అవే అంకెలు పెట్టింది. కంప్యూటర్ ఆరిపోయింది. బటన్ నొక్కితే దీపం వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, ఆగిపోయింది. గీత సోమనర్సయ్యకు ఫోన్ చేసింది.

"అన్నా, లేస్తలేదు!"

"ఏం చేసినవ్?" ఫోన్‌లో గోదావరి గాలి హోరుమంటోంది.

"వేగం పెంచిన."

"నిన్నెవలు పెంచుమన్నరు?"

"నువ్వే గదన్నా, కంపెనోడు భయస్థుడంటివి!"

"నేనంటె మాత్రం ఇంటవా? ఇన్నేండ్ల సంది మీ వదినె ఇన్నదా? ఏ అంకెలు పెట్టినవ్?"

"డబ్బా మీద పేరున్నది గద, ఆ ప్రాసెసర్‌కు చెప్పినయే."

అటునుంచి ఆయన నీరసంగా గొణిగాడు. "ఆ కరెంటు దీనికేడ సాల్తది..."

"దీనికంటె?"

"ఏం లేదు, ఏం లేదు. స్విచ్చి బంద్ చెయ్యి. వైరు పీకు. మూత తీసి బ్యాటరీ పీకు."

"మూత తీస్తె వేగం పోతదంటివి?"

"పోతె పోనియ్యి! తియ్యంగనే కండ్లు మూసుకో."

"కండ్లు మూసుకుంటె బ్యాటరీ ఎట్ల కనబడ్తదన్నా?"

"బ్యాటరీనొక్కదాన్నే చూడు. పక్కలకు చూడకు. లేసినంక తెరమీద పేరు పడ్తది, అది గూడ సదువకు..." అక్కడికి సిగ్నల్ పోయింది.

చూడొద్దంటే చూడకుండా ఉండే మనిషి మహబూబాబాద్‌లో ఇంకా పుట్టలేదు. గీత మూత తీసింది. లోపల ఫ్యాన్ మీద ఎండిపోయిన పసుపు, నడిమధ్య కుంకుమ బొట్టు.

ఎక్కడో చూసిన బొట్టే అనుకుంటూ బ్యాటరీ పీకి, కాస్త ఆగి, మళ్లీ పెట్టింది. బటన్ నొక్కింది. దీపం వెలిగింది, ఫ్యాన్ తిరిగింది, ఈసారి ఆగలేదు. "లేసినవా తల్లీ" అని కంప్యూటర్‌కు దండం పెట్టింది. తెరమీద ప్రాసెసర్ పేరు పడింది. డబ్బా మీది పేరు కాదది. దానికన్నా చాలా పెద్దది.

బ్యాటరీ పీకితే సెట్టింగులన్నీ పోతాయి. ఇప్పుడు నడుస్తున్నది కంపెనీవాడు చెప్పిన వేగమే. అయినా నిన్న ఎంత ఉరికిందో ఇవాళా అంతే ఉరుకుతోంది. అంటే సోమనర్సయ్య సెట్టింగులు మార్చనేలేదు. ఇస్తే తీసుకోదని, రాకెట్ ప్రాసెసర్‌ను ఫ్యాన్‌తో సహా ఊడబీకి ఇందులో పెట్టి, ఈమె చిన్నదాన్ని తన దాంట్లో పెట్టుకున్నాడు. గీతకు నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. పని మిగిలి ఉంది కాబట్టి రెండూ పక్కన పెట్టి కూర్చుంది.

సాయంత్రం కురవిలో తెర వెలిగింది. లింగ్యా తను డ్యాన్స్ చేసిన చోటు మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాడు. విందు అయ్యేలోపే ఇంకో రెండు పెళ్లిళ్లవాళ్లు గీత నంబరు రాసుకున్నారు.

మర్నాడు గీత శాంతిని అడిగింది. "వదినా, రాకెట్ ఎట్ల నడుస్తున్నది?"

"నడుసుడా? ఆయన బటన్ ఒత్తినంక నేను దుకాణం వాకిలూడ్చి ముగ్గేసొచ్చినా అది లేవదు. ఏందయ్యా అంటె, ఆలోచిస్తున్నది అంటడు."

గీత ఆ పెళ్లి డబ్బుల్లోంచి పెద్ద ప్రాసెసరే కొంది. ఇద్దరూ కలిసి నల్లగుడ్డ తీసి దాన్ని రాకెట్‌లో పెట్టారు. కొత్త ఫ్యాన్‌కు శాంతి పసుపు రాసి బొట్టు పెట్టింది. మూత మీద గీత ఒక కాగితం అతికించి, మళ్లీ గుడ్డ కప్పింది.

సోమనర్సయ్య మహదేవపూర్ నుంచి వచ్చీ రాగానే గుడ్డ కింద చెయ్యిపెట్టి బటన్ నొక్కి, అలవాటు ప్రకారం చాయ తాగడానికి బయల్దేరాడు. గడప దాటకముందే వెనక రాకెట్ లేచిన చప్పుడైంది. ఉలిక్కిపడి గుడ్డ లాగాడు. 'మూత తెరిస్తే వేగం పోవును.' ఆ అక్షరాలు తనవి కావు.

"ఎవలు ముట్టిన్రు దీన్ని?"

"ఎవలూ ముట్టలేదన్నా," అంది గీత. "సెట్టింగులు మార్చిన గంతే. కంపెనోడు భయస్థుడు."

ఆయన గీతను చూశాడు. శాంతిని చూశాడు. శాంతి వేలికింకా పసుపుంది. మూత తెరవబోయి, దాని మీది కాగితం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కరెంటు ఎంత పెంచినవ్?"

"జరంత."

"మల్ల కూలి?"

"ఒక చాయ, నాలుగు మిర్చి బజ్జీలు. వేడిగ లేకుంటె వాపస్ పంపుత."

సోమనర్సయ్య చెప్పులేసుకున్నాడు. బజ్జీల బండి దాకా ఆయన నడిచిన వేగం చూసి, బజారులో వాళ్లంతా పక్కకు జరిగారు.