సరోజ సిస్టర్ మీద పడ్డ నింద

పక్క పొలంలో చెరకుకు నిప్పు పెట్టిన వాసన వస్తే ఇప్పటికీ లేచి కిటికీలు మూసేస్తాను. ఆ వాసనకు మా నాన్న పాదాలు గుర్తొస్తాయి, వాటి వెంటే సరోజ సిస్టర్. ఆమె మా దీవిలోని తవువా అనే చిన్న పట్నంలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర నర్సు. ఆమె మాట తగిలే నాన్న కాలు పోయిందని మావాళ్ళు నేటికీ అంటారు. అది నిజం కాదు.

నాన్నకు షుగరు. వేరు దంచి నీళ్ళలో కలిపే మత్తు పానీయం, యంగోనా, గిన్నెలకొద్దీ తాగేవాడు. మందుల కన్నా ముందు ఆమె తిండి సంగతి అడిగేది, కోప్పడకుండా.

"కాకా, యంగోనా తాగాక నోట్లో ఏం వేసుకుంటారు?"

"చేదు పోవాల గదా బేటీ. మిఠాయి."

"గిన్నె గిన్నెకీనా?"

"నువ్వు నర్సువా, పోలీసువా?" అని నాన్న నవ్వేశాడు. అయినా ఆ వారం నుంచి మిఠాయికి బదులు దోసకాయ ముక్కలు నమలసాగాడు. సాయంత్రాలు చెరకు మోసే చిన్న రైలు పట్టాల వెంట నడిచేవాడు. ఇంకెవరు చెప్పినా వినని మనిషి.

ఒకరోజు ఆమె నాన్న అరికాలిని దూదితో తాకి చూసింది. ఆయనకు తెలియలేదు. నన్ను బయటికి పిలిచి, "తమ్ముడూ, ఈసారి గుండం తొక్కనివ్వకు. కాలినా ఆయనకు తెలీదు. రోజూ అరికాళ్ళు నువ్వే చూడాల," అంది.

అమ్మవారి పండుగలో నిప్పుల గుండం తొక్కడం మా ఇంట్లో తాతల నాటి మొక్కు. నేను గుడి కమిటీలో కొత్తగా చేరాను. నాన్నే వెనక్కి తగ్గితే తలెత్తుకోలేననుకున్నాను. "సిస్టర్ ఏమంది రా?" అని ఆయన అడిగితే, "మందులు మానొద్దంది," అన్నాను.

గుండం దాటాక నాన్న ముఖం వెలిగిపోయింది. "ఈసారి వేడే తెలీలేదు రా. అమ్మ దయ." అందరూ ఆయన కాళ్ళకు మొక్కారు, నేనూ మొక్కాను. మేం పాదాలకు మొక్కుతాం గాని అరికాళ్ళు తిప్పి చూడం.

కాలిన చోట పుండు పడి ముదిరాక క్లినిక్కుకు తీసుకెళ్తే, ఆమె అందరి ముందూ, "కాలుతుందని చెప్పాను గదా, తమ్ముడూ?" అంది. నేను నాన్న పాదం మీది గుడ్డ సర్దసాగాను. మోకాలి కింద కాలు తీసేశారు. వ్రతంలో ఉన్న మనిషికి కాలుతుందని శాపం పెట్టిందని ఊళ్ళో మాట పుట్టింది. మావాళ్ళు ఆ క్లినిక్కుకు వెళ్ళడం మానేశారు. ఆమె అవతలి దీవిలోని సావుసావు అనే ఊరికి వెళ్ళిపోయింది. నాన్న పోయేదాకా ఆమె పేరు ఎత్తనివ్వలేదు. ఆయనకూ నేను నిజం చెప్పలేదు.

ఇప్పుడు నాకూ షుగరే. సాయంత్రం స్నానమయ్యాక మెట్టు మీద కూర్చుని అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకుంటాను. మొన్న నడుము వంగక అవస్థపడుతుంటే మా అమ్మాయి వచ్చి కూర్చుని నా పాదం చేతిలోకి తీసుకుంది. ఎలా చూడాలో చెప్పాను. ఎవరు నేర్పారని అడిగితే పేరు చెప్పాను.

"తాత కాలు పోగొట్టిన ఆవిడేనా?" అంది.

నా పాదం ఇంకా దాని చేతిలోనే ఉంది. కాదన్నాను. మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.