వంక దగ్గర నిలిచిన చుక్క

మా ఊరి ముందు రోడ్డు పక్కన ఒక టీ అంగడి ఉంది. హోసూరులో బయలుదేరి కెలమంగలం, డెంకణికోట మీదుగా అంచెట్టికి పోయే సాయంత్రం బస్సుకు జనం అక్కడే కాచుకుంటారు. మా దగ్గరికి రావాలంటే బస్సు అడవిలో మలుపులన్నీ తిరగాలి. మధ్యలో లారీ అడ్డం పడినా, డెంకణికోటలోనే టైరు పోయినా మాకు తెలిసేది కాదు. గంట, గంటన్నర ఊరికే నిలబడేవాళ్ళం. కడుపుతో ఉన్న ఒకామె వానలో చాలాసేపు నిలబడి, ఆ రోజు బస్సే లేదని తెలిసి వచ్చిన దారినే నడిచి వెళ్ళిపోవడం చూశాను.

తర్వాత ఫోన్లలోకి ఒక యాప్ వచ్చింది. బస్సులో కూర్చున్నవాళ్ళలో ఒకరు తమ ఫోనులో పచ్చ బటన్ నొక్కితే చాలు. ఆ ఫోను ఎక్కడుంటే బస్సు అక్కడ ఉన్నట్టు, మిగతావాళ్ళ ఫోన్లలో పటం మీద ఒక నీలం చుక్క కనిపిస్తుంది. దిగేటప్పుడు ఎర్ర బటన్ నొక్కాలి. అంతే. చుక్క డెంకణికోట దాటాక ఇంట్లో చీర మార్చుకున్న ఆడవాళ్ళు కూడా తీరిగ్గా వచ్చి బస్సు అందుకునేవాళ్ళు. టీ అంగడాయన చుక్క మలుపుల్లోకి దిగిందంటే పాలు పొయ్యి మీద పెట్టేవాడు.

మా దారిలో బటన్ నొక్కే పని ఒక పెద్దాయన మీద పడింది. నాకు వరసకు మామ. అడవి అంచున నాలుగిళ్ళ పల్లె ఆయనది. పొద్దున కరివేపాకు, ఆకుకూరలు మూట కట్టుకుని డెంకణికోట సంతకు పోతాడు, సాయంత్రం ఈ బస్సులో తిరిగి వస్తాడు. మా ఊరికి ఇరవై నిమిషాల ముందు దిగి, కాలిబాటన చిన్న వాగులాంటి వంక దాటి ఇంటికి పోవాలి. ఫోను కొత్తది. దాంట్లో ఆ రెండు బటన్లూ నేనే నేర్పాను. రోజూ బస్సులో కూర్చున్న వెంటనే పచ్చది నొక్కి, పక్కనున్నవాళ్ళకు చూపించేవాడట.

ఎర్రది మాత్రం ఎక్కువసార్లు మరిచిపోయేవాడు. అప్పుడు నీలం చుక్క రోడ్డు వదిలి, కాలిబాట పట్టి, వంక దాటి, ఆయన ఇంటి ముందు ఆగేది. టీ అంగడిలో నవ్వులే నవ్వులు.

"చూడప్పా, మామ బస్సును ఇంటికి తోలుకోని పోయినాడు."

"కొట్టంలో కట్టేసి ఉంటాడు లే. పొద్దున పాలు పిండుతాడు."

మరునాడు ఆయన బస్సు కిటికీలోంచి అంగడి వైపు చెయ్యి ఊపుతూ పోయిన రోజులు కూడా ఉన్నాయి. అంచెట్టిలో పనుంటే మా ఊరు దాటి పోయేవాడు. అప్పుడు అంగడాయన అరిచేవాడు: "ఏం మామా, మీ ఇంట్లో బస్సుకు మేత వేసినావా లేదా?" "నీ టీ కంటే నా కొట్టంలో కుడితి మేలప్పా!" అని లోపలినుంచి జవాబు.

మొన్నటి ఎండాకాలంలో ఒక సాయంత్రం. అడవిలో నీళ్ళు ఎండిపోయిన రోజులు. వెలుతురు ఇంకా బాగానే ఉంది. చుక్క మామ దిగే చోట ఆగింది, తర్వాత కాలిబాట పట్టింది. మళ్ళీ మరిచిపోయినాడని అందరం నవ్వాం. వంక దగ్గరికి పోయి చుక్క నిలబడింది.

"బస్సుకు నీళ్ళు తాపుతా ఉండాడు" అన్నాడు అంగడాయన.

నేనూ నవ్వాను. ఐదు నిమిషాలు గడిచాయి. పది నిమిషాలు గడిచాయి. చుక్క కదల్లేదు. వంక దాటడానికి ఆయనకు అంతసేపు పట్టదు. ఇంతలో బస్సు వచ్చింది. కండక్టరును అడిగాను.

"దిగినాడు సార్, రోజూ దిగే చోటే. తవుడు సంచి భుజాన వేసుకోని పోయినాడు. ఏం?"

"వంక దగ్గర నిలిచిపోయినాడు."

"ఎవరితోనో మాట్లాడతా ఉంటాడు. ఆయన మాట్లాడడం మొదలుపెడితే నా బస్సే నిలబడాల."

బస్సు వెళ్ళిపోయింది. నేను పోలేదు. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ నాకు ఒకటే అలవాటు. అనుమానం వస్తే ఫోన్ చేసి కనుక్కోవడం. చేశాను. పూర్తిగా మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది, ఎవరూ ఎత్తలేదు. మూడోసారి చేస్తే సగంలో ఉండగానే, పటం మీద చుక్క ఒక్కసారి పక్కకు జరిగింది. నడిచినట్టు కాదు. ఎగిరినట్టు జరిగి, మళ్ళీ నిలిచిపోయింది.

అప్పుడే అడవి శాఖ వాచరు బైకు మీద వచ్చి అంగడి ముందు ఆపాడు.

"రోడ్డు మీద నిలబడొద్దండప్పా. గుంపు దిగింది. పిల్ల ఏనుగు కూడా ఉంది. ఇప్పుడు వంకలో ఉండాయి."

"ఏ వంకలో?"

వాచరు మామ పల్లె పేరే చెప్పాడు. నా చేతిలో ఫోను ఇంకా వెలుగుతోంది. నాలుగోసారి చేయడానికి నంబరు తెరిచే ఉంది.

"నేనూ రెండుసార్లు చేసినానప్పా, బిజీ అనింది" అన్నాడు అంగడాయన. "ఎవురూ చేయొద్దండి ఇంక. ఎవురూ!"

మామ భార్య ఇంట్లో ఉంది. ఆలస్యమైతే ఆమె కూడా ఫోన్ చేస్తుంది. అంగడాయన ఆమెకు ఫోన్ చేసి, ఆయనకు చేయొద్దు, తలుపు వేసుకుని లోపలే ఉండమని చెప్పాడు. ఎందుకని ఆమె అడుగుతుండగానే పెట్టేశాడు.

వాచరు ఏనుగులను బెదరగొట్టే టపాకాయల సంచి తీశాడు. దారిలో ఇంకో ఇద్దరు వాచర్లు ఎదురొచ్చారు. నేను వాచరు బైకు వెనక కూర్చుని ఫోను చూస్తూ దారి చెప్పాను. బైకు రోడ్డు మీదే వదిలి కాలిబాటలో నడుస్తున్నంతసేపూ ఎవరమూ దగ్గలేదు కూడా. వంక ఇసుకలో గుండ్రటి అడుగులు ఉన్నాయి. వాటిలోకి నీళ్ళు అప్పుడప్పుడే ఊరుతున్నాయి. తవుడు సంచి చినిగి, తవుడంతా ఒడ్డున పరుచుకుని ఉంది. మేము వెతుక్కుంటూ పోయిన చుక్క చోట ఫోను ఒక్కటే దొరికింది, ఇసుకలో సగం కూరుకుని. దాని మీద ఎత్తని కాల్స్ వరసగా ఉన్నాయి. అన్నిటికంటే పైన నా పేరు ఉంది.

పిలవడానికి నోరు తెరిచాను. వాచరు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అవతలి ఒడ్డున వెదురు విరిగిన చప్పుడు వినబడింది. అలాగే నిలబడ్డాం. ఎంతసేపో చెప్పలేను. చప్పుడు దూరమయ్యాక, మాకు పది గజాల్లో రెండు బండల మధ్య నుంచి గొంతు వచ్చింది.

"పోయినాయా?"

మామకు తుంటి విరిగింది. పరిగెత్తబోయి బండల మధ్య పడ్డాడు. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో నాలుగో రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పాడు.

"నన్ను చూడలేదప్పా అవి. నీళ్ళు తాగతా ఉండినాయి. నేను బండకు ఆనుకోని కదలకుండా నిలబడినాను. ఫోను మోగింది. తల్లి ఏనుగు చెవులు నిక్కబొడుచుకోని ఇట్ల తిరిగింది. దీని నోరు మూయడం నాకు తెలియలే. కడుపుకు అదుముకున్నా. మళ్ళీ మోగింది. అది ఒడ్డెక్కింది. మూడోసారి మోగితే దూరంగా ఇసిరేసినా. అది ఫోను దిక్కు పోయింది, నేను పరిగెత్తినా."

తల నా వైపు తిప్పాడు.

"చేసింది ఎవురు?"

"నేనే మామా."

"నువ్వేనా" అన్నాడు. తర్వాత నా చెయ్యి తట్టాడు. "మంచిదే చేసినావు. నువ్వు ఫోన్ చేయకపోయింటే నేను ఆడ ఉండానని ఎవురికి తెలుసు?"

అది నిజం కాదు. ఆయన ఎక్కడున్నాడో చుక్క ముందే చెప్పింది. నా ఫోను ఎవరికీ ఏమీ తెలపలేదు, ఆ ఏనుగుకు తప్ప. ఆ మాట ఆయనతో అనాలని రెండుసార్లు అనుకున్నాను. అనలేదు.

ఆయన ఇప్పుడు చేతికర్రతో వాకిలి దాకా నడుస్తున్నాడు. సంతకు ఆయన భార్య పోతోంది. అదే మూట, అదే బస్సు, అదే ఫోను. మోగకుండా పెట్టడం ఆమెకు మొదట నేర్పాను. బస్సులో పచ్చది నొక్కుతుంది. దిగాక ఎర్రది నొక్కదు. నొక్కొద్దని మేమే చెప్పాం. ఇల్లు చేరాకే నొక్కాలి. అంతదాకా ముందు ఊళ్ళవాళ్ళకు బస్సు అడవిలో తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. వాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

రోజూ సాయంత్రం టీ అంగడిలో అందరం ఆ చుక్కనే చూస్తాం. ఇప్పుడు దాని మీద ఎవరూ హాస్యం ఆడరు. నిన్న అది కాలిబాటలోకి దిగి, వంక దగ్గరికి పోయి ఆగింది. అంగడాయన పొయ్యి ఆపేశాడు. మేమంతా ఫోన్లు బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నాం. చుక్క అలాగే ఉంది. ఇంతలో బస్సు వచ్చి నిలబడి హారన్ కొట్టింది.

ఎవరూ ఎక్కలేదు.