హారతి తర్వాత వచ్చే పాట

క్యాసెట్ పైన ఉండే రెండు ప్లాస్టిక్ చెవులూ విరిచేస్తే దాని మీద ఇంకేమీ రికార్డు కాదు. నేను రెండూ విరిచేశాను. ఆ పెద్దమనిషి ఆ కన్నాల మీద స్కాచ్ టేపు అతికించి మరీ రికార్డు చేశాడు! పొరపాటున జరిగిందని మా ఆయన ఇప్పటికీ అంటారు. ఏం పొరపాటు, నా మొహం పొరపాటు!

డెబ్భైల చివర్లో మేము అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌కి వచ్చాం. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. నాకు ఉద్యోగం లేదు, డ్రైవింగ్ రాదు. నడిచి వెళ్ళగలిగింది ఒక్క లైబ్రరీకే. అక్కడ అట్ట నచ్చి తెచ్చుకున్న గ్రామఫోన్ రికార్డులోవే ఆ క్యాసెట్ పాటలు. ఎవరో ఇంగ్లండు బృందం, ఎప్పటివో పల్లె కథల పాటలకు ఎలక్ట్రిక్ గిటారూ ఫిడేలూ జోడించారు. పాడే అమ్మాయి ఏడుపు పాటను కూడా ఏడవకుండా పాడుతుంది. ప్రియుడు మునిగిపోయాడన్న సంగతి పక్కింటి కబురులా చెబుతుంది. మొదటిసారి విన్నప్పుడు బెండకాయలు తరుగుతూ అలాగే నిలబడిపోయాను. ఇప్పటికీ నిలబడిపోతాను. ఆ దేశంలో నాకు నేనుగా వెతుక్కున్న మొదటి వస్తువు అది. క్యాసెట్‌లోకి ఎక్కించుకుని రికార్డు తిరిగిచ్చేశాను. కొన్నాళ్ళకు గీతలు పడ్డాయని లైబ్రరీవాళ్ళు దాన్ని తీసేశారు.

అప్పట్లో మా ఊళ్ళో పురోహితుడు లేడు. నేను చెప్పిన పెద్దమనిషి మా స్నేహితుడే, డాక్టరు. ఇండియా నుంచి వచ్చిన వాళ్ళ నాన్నగారు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించారు. ఆయన వెళ్ళిపోతే మళ్ళీ ఎవరు చేయిస్తారని, రికార్డు చేసి ఉంచుదామన్నాడు డాక్టరు. ఖాళీ క్యాసెట్ లేదు. నేను వంటింట్లో ప్రసాదానికి రవ్వ వేయిస్తున్నాను. అలమరలోంచి నాది తీశాడు. మా ఆయన చూస్తూనే ఉన్నారు.

తెలిశాక నేను గొంతు చించుకుంటే, "మంత్రాలమ్మా! ఆ ఇంగ్లీష్ గోల పోతే ఏమైంది?" అన్నాడు డాక్టరు.

"మంత్రాలు చెరిపితే కళ్ళు పోతాయి" అన్నారు మా ఆయన. నా పాటలు చెరిపితే ఎవరి కళ్ళూ పోవు కాబోలు!

ఇక ఆ క్యాసెట్టే మా ఊరి పురోహితుడైంది. డాక్టరు తన దగ్గరే ఉంచుకుని, ఇల్లు కొన్న ప్రతివాళ్ళకీ ఇచ్చేవాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు! పీటల పక్కన టేప్ రికార్డర్ పెట్టి, ఆచమనం రాగానే పాజ్ నొక్కి, నీళ్ళు తాగి, మళ్ళీ ప్లే నొక్కేవాళ్ళు. కానీ పూజ రెండో వైపు చివరిదాకా రాలేదు. హారతి అయ్యాక కాసేపు గరగర, ఆ తర్వాత నా చివరి పాట. అదొక్కటే మిగిలింది. దానికోసమే పిలిచిన ప్రతి ఇంటికీ పట్టుచీర కట్టుకుని, పులిహోర చేసుకుని వెళ్ళాను. అందరూ ప్రసాదానికి లేస్తుంటే నేను టేప్ రికార్డర్ పక్కనే కూర్చునేదాన్ని.

ఒక గృహప్రవేశంలో హారతి అయింది. గరగర వచ్చింది. పాట రాలేదు. వాల్యూం పెంచాను. ఏమీ లేదు.

"క్లీన్ చేసేశానమ్మా" అన్నాడు డాక్టరు, మెడల్ వస్తుందన్నట్టు నవ్వుతూ.

"మంచి పని చేశారు అన్నయ్యగారూ. పూజ చివర ఆ గోల ఎవరు పెట్టారో!" అంది ఆ ఇంటావిడ.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "కొన్నప్పుడే ఉందండీ. షాపు వాళ్ళ మిస్టేక్."

ఒళ్ళు మండిపోయింది. "షాపుది కాదు, నాది!" అన్నాను. "నేనే రికార్డ్ చేసుకున్నాను. ఆ పాటంటే నాకు ప్రాణం. మీ పూజలకి కాదు, దాని కోసమే మీ ఇళ్ళకి వచ్చాను."

డాక్టరు, "ప్రసాదం తీసుకోమ్మా" అన్నాడు. తీసుకోలేదు.

కార్లో మా ఆయన, "నలుగురిలో నా పరువు తీశావు" అన్నారు.

"నావారై ఉండి, ఆ పాట మా ఆవిడదని ఒక్క మాట అనలేకపోయారు" అన్నాను.

ఆ వేసవిలో డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్స్ వచ్చిన వారంలోనే హైవే ఎక్కాను. గంట దూరంలో ఉన్న ఆన్ ఆర్బర్‌లో, పాత రికార్డులు అమ్మే కొట్లో ఆ రికార్డు దొరికింది. తెచ్చి హాల్లో ప్లేయర్ మీద పెట్టాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగారు.

"కొంచెం తగ్గించు. డాక్టరుగారు వస్తున్నారు."

పెంచాను.