ఒక్క కాయ కాయని మడి

మా ఇంట్లో పొద్దున్నే ముందు పిట్టలు, తర్వాత ఆయన, ఆ తర్వాత నేను. ఆయన పెరటి గోడ మీద గింజలు చల్లి, పార పట్టుకుని గుమ్మం పక్కనున్న చిన్న మడి తవ్వి, మట్టి చేతులు నా తుడుపుగుడ్డకే తుడుచుకుని, అప్పుడు టీకి కూర్చునేవారు. నా టీ ఈలోగా చల్లారేది.

ఇప్పుడు వేడివేడిగా, నింపాదిగా తాగుతున్నాను. ఆయన పోయి రెండు నెలలైంది. ఇంత సుఖం ఎందరికి దక్కుతుంది!

ఆయన తాళాలు బాగుచేసేవారు. తుప్పుపట్టిన పెట్టె అయినా, తాళంచెవి పోయిన బీరువా అయినా క్షణంలో తెరిచేవారు. ఆయన నోరు తెరిపించడం మాత్రం నా తరం కాలేదు. ఇరవై ఆరేళ్లు ఆ మడి తవ్వారు. అందులో ఒక్క వంకాయ కాసినట్టు ఎరగను.

"ఇంతకీ ఏం నాటుతున్నారండీ?" అంటే, "నేల గుల్లబారాలి" అనేవారు.

చుట్టాలొస్తే, "మా తోట చూడండి, కంటికి కనపడనంత మేలురకం" అని చూపించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఆయన పోయాక పిట్టల బాధ్యత నా మీద పడింది. గుప్పెడు విసిరేసి వెళ్లే రకం కాదు నేను. గింజలు చెరిగి, రాళ్లు ఏరి, కడిగిన పళ్లెంలో పెట్టాను. పిచ్చుకలు వచ్చాయి. పావురాలు మగపెళ్లివారిలా బలగంతో దిగాయి. రానిది ఒక్కటే, ఆయన కాళ్ల దగ్గరే గెంతుతూ తిరిగే ఎర్రరొమ్ము పిట్ట. కంచె మీద కూర్చుని, అత్తగారు కొత్తకోడలి వంటను చూసినట్టు నా పళ్లెం వంక చూసి ఎగిరిపోయేది. రొట్టె పొడి చేసి పెట్టాను. వెన్న కూడా కలిపాను. కట్టుకున్నవాడికి అంత మర్యాద చేసిన పాపాన పోలేదు.

అది రాకపోతే నాకు పోయేదేమీ లేదు. రోజుకి పదిసార్లు కిటికీ దగ్గరకు వెళ్లడం గాలి కోసమే. ఆయన్ని ఎరిగిన ప్రాణి ఒక్కటైనా నన్నూ ఎరగాలనుకున్నాను, అంతే.

ఇంతలో మా ఆడపడుచు వచ్చింది.

"ఈ మట్టిగుంట ఎందుకు వదినా? బండలు పరిపించేస్తే శుభ్రంగా కడుక్కోవచ్చు. అన్నయ్య ఉన్నన్నాళ్లూ దీన్ని తిట్టింది నువ్వే కదా!"

"తిట్టానా?"

"వీధంతా విన్నారు."

నేను పెట్టిన కేసు నేనే ఎలా కొట్టేస్తాను? సరేనన్నాను. తాపీమేస్త్రీ వచ్చి మడి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"రేపొద్దున వేసేస్తానమ్మా. ఈలోగా గడ్డివేళ్లు తీసి, నేల చదును చేసి ఉంచండి. చదును లేకపోతే బండ ముట్టుకోను. తర్వాత అది కదిలితే నన్నంటారు."

సాయంత్రం పార తీశాను. నాలుగు పెళ్లలు తిరగేశానో లేదో, నా చెప్పుకి జానెడు దూరంలో ఎర్రరొమ్ము వాలింది. మట్టిలోంచి వానపామును లాగి, సాగదీసి, మింగి, "ఊఁ, కానియ్యి" అన్నట్టు నా వంక చూసింది. ఇంకో పెళ్ల తిరగేశాను. మళ్లీ తింది.

అప్పటికి బుర్రకెక్కింది. ఈ మహారాజుగారికి గింజ సయించదు. పురుగులు కావాలి, అదీ ఎవరైనా తవ్వి వడ్డించాలి. నేను కూరగాయల మడి అనుకున్నది ఇన్నేళ్లూ పిట్టల వంటిల్లు. ఆయన ఎన్ని తరాలకు వండి వార్చారో! ఆ ముక్క నోటితో చెబితే ముత్యాలు రాలతాయా? నన్ను వాగనిచ్చి, నవ్వుకుంటూ తవ్వుకున్నారు.

నాకూ నవ్వొచ్చింది. దాని వెనక వచ్చింది నవ్వు కాదు. పిట్ట బెదురుతుందని మింగేశాను.

"చదునయిందా వదినా? చీకటి పడుతోంది!" లోపల్నుంచి ఆడపడుచు కేకేసింది.

"అవుతోందమ్మా" అన్నాను.

మరో రెండు పెళ్లలు పైకి లేపి, పారను మడి నడుమ గుచ్చి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చాను. చదును లేకపోతే బండ ముట్టుకోనన్నాడు మేస్త్రీ. మాట మీద నిలబడే మనిషిలా ఉన్నాడు. పాపం, అతని మాట నేనెందుకు తప్పించాలి?