డిమాండ్ లేకుండా ఆపిన రైలు

మొన్న ఆదివారం నేను ఒక రైలును ఆపాను. నవ్వకండి, నిజంగానే ఆపాను! ఇంజిన్, దాని వెనక పెట్టెలు, కిటికీల నిండా జనం, మొత్తం రైలు వచ్చి నా ముందు నిలబడిపోయింది. సిగ్గుచేటు ఏమిటంటే, ఆ క్షణంలో నా దగ్గర ఒక్క డిమాండ్ కూడా లేదు.

నా సంగతి మీకు తెలిసిందే. వనపర్తిలో ఏ సభ జరిగినా బ్యానర్ కట్టేది నేనే, చివర్లో కుర్చీలు మడిచేది నేనే, మధ్యలో ఎవరూ అడగకపోయినా మాట్లాడేదీ నేనే. కిందటేడు మేం కొందరం కలిసి రైల్ రోకోకు పిలుపిచ్చాం. పొద్దున్నే పోయి పట్టాల పక్కన కూర్చున్నాం. రైలు లేటు! ఎండెక్కింది, ఆకలేసింది. సరే, టిఫిన్ చేసొద్దామని లేచాం. మేం ఇడ్లీ తింటుంటే రైలు దర్జాగా వెళ్లిపోయింది. అంత ఘనమైన ఉద్యమ చరిత్ర ఉన్నవాణ్ని, మొన్న ఏ పిలుపూ లేకుండా, ఒక్కణ్ణే ఆపేశాను. ఎట్లాగో వినండి.

గద్వాలలో రఫీ అని నా దోస్తు. వాడిది మైక్‌సెట్ల దుకాణం. పెళ్లికీ వాడే, దర్గా ఉర్సుకీ వాడే, మా ధర్నాకీ వాడే. మాకు మాత్రం సౌండ్ కాస్త తక్కువ పెడతాడు. "నీ గొంతుకు మైకు దండగ భాయ్" అంటాడు. వాళ్ల దాదీ, అంటే నానమ్మ, బతుకంతా గద్వాల స్టేషన్ వెనక గల్లీలో గడిపింది. కళ్లు కనబడక చాలా కాలమైంది. ఈమధ్య తుంటి విరిగి మంచం పట్టింది. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో కూతురి దగ్గర ఉంటుంది. ఆ ఊరికి రైలే లేదు. ఆమె బాధంతా అదే. "కండ్లు పోయినయంటె పోయినయ్ బేటా, చెవులకు పనిలేకుంట జేసిన్రు" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటుందట.

అట్లాంటిది, ఎక్కడో షెడ్డులో భద్రంగా దాచిన పాత ఆవిరి ఇంజిన్ ఒకదాన్ని బయటికి తీసి, పాత పెట్టెలు తగిలించి, కర్నూలు నుంచి గద్వాలకు ఒక్కసారి నడుపుతున్నారని తెలిసింది. ఒక్కటే ట్రిప్పు. దాదీ చెవిన పడేసరికి ఆమె ఇంకేం వినలేదు. "నన్ను లేపి కారులేసి స్టేషన్‌కు తీస్కపోండి" అని మొండికేసింది. దవాఖానలో డాక్టర్ గట్టిగా వద్దన్నాడు. అప్పుడు రఫీ మాటిచ్చాడు. "నువ్వు రాకు దాదీ. ఇంజిన్ చప్పుడునే నీ మంచం కాడికి తెస్త. నీ చెవులల్ల పెడ్త."

మాటిచ్చింది వాడు. రికార్డర్ ఉన్నది నా దగ్గర! పల్లెపాటలు దాచిపెట్టాలని ఎప్పుడో కొన్నాను. పాటల కంటే నా ఉపన్యాసాలే ఎక్కువ ఉన్నాయి అందులో. రఫీ అడగగానే నేను పొంగిపోయాను. "చరిత్రను గెలిచినోళ్లు రాసుకుంటారు. మరి దాని చప్పుడును ఎవరు దాచాలి? మనం దాచాలి! శబ్దం ప్రజల ఆస్తి!" అన్నాను.

"సరే గానీ, మైకుకు తొడిగే బొచ్చు టోపీ తేవడం మర్చిపోకు. గాలి గిట్ట కొట్టిందంటే దబదబ తప్ప ఏం రాదు" అన్నాడు రఫీ.

"టోపీ నేను తెస్తా. మాటంటే మాటే!" అన్నాను.

మర్చిపోయాను.

ఆదివారం పొద్దున మానవపాడు దాటి ఒక చేను గట్టు మీద చేరాం. చోటు రఫీ వెతికిపెట్టాడు. అక్కడ పట్టాలు ఒక మలుపు తిరిగి ఎత్తుకు ఎక్కుతాయి. ఎక్కుడు మీద ఇంజిన్ కష్టపడుతుంది, కష్టపడితేనే చప్పుడు గట్టిగా వస్తుందట.

"చూశావా, సంగీతం పుట్టేది శ్రమలోంచే!" అన్నాను.

"అయితే జర నువ్వు శ్రమపడి గా కర్ర పాతు. పొట్టిగ పెట్టు, పైన కరెంటు తీగెలున్నయ్" అన్నాడు.

పాతాను. పట్టాలకు దూరంగానే పాతాను, అదొక్కటి మాత్రం నా పక్షాన చెప్పుకోవాలి. కర్రకు మైకు కట్టాం. రఫీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వెంటనే తీసేశాడు. గాలి! మిరప చేల మీద నుంచి ఈల వేసుకుంటూ వస్తోంది. "టోపీ ఏది?" అన్నాడు. నేను సంచి మొత్తం కుమ్మరించాను. పుస్తకాలు, కరపత్రాలు, వాటర్ బాటిల్. టోపీ లేదు. అడుగున మాత్రం మడతపెట్టిన గుడ్డ ఒకటుంది. మెత్తగా, మందంగా, చక్కగా ఉంది. మా జెండా.

మైకు చుట్టూ రెండు చుట్లు చుట్టి తాడుతో బిగించాను. రఫీ మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. మొహం వెలిగిపోయింది. "వారెవ్వా! గాలి ఏడపోయిందో పోయింది!" అన్నాడు. నేనేం ఊరుకుంటానా? "జెండా ఎప్పుడూ వమ్ము కాదు రఫీ!" అన్నాను. చుట్టగా మిగిలిన చెంగు మాత్రం గాలికి రెపరెపలాడుతోంది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను.

ఇంకో ఆటంకం, బోరు మోటారు. ఆ చేను తిమ్మప్ప అనే పెద్దాయనది. నన్ను చూడగానే ఆయన తలపాగా సర్దుకుంటూ వచ్చాడు.

"ఏం సారూ, ఏం డిమాండు?"

"డిమాండేం లేదు తాతా. రైలు చప్పుడు రికార్డు చేస్తున్నాం. కాసేపు మోటారు బంద్ పెట్టాలి."

"రైలు చప్పుడా! రోజూ ఊకె వచ్చిపోతది గద, కావల్సినంత తీస్కపోండ్రి."

"ఇది ఆవిరి ఇంజిన్ తాతా. నడవలేని ఒక ముసలమ్మకు వినిపించాలి."

ఆయనకు ఆ మాట చాలు. పోయి మోటారు బంద్ చేశాడు. మేకల మెడల్లోని గంటలు విప్పి జేబులో వేసుకున్నాడు. చేలో కూలోళ్లకు చెయ్యెత్తి సైగ చేశాడు, వాళ్లూ మాటలు ఆపేశారు. నేను ఎంతో ఉత్తేజపడి, "మౌనం కూడా ఒక పోరాటరూపమే!" అన్నాను.

"అయితే నువ్వు గూడ జర పోరాడు సారూ" అన్నాడు తిమ్మప్ప.

దూరంగా కూత వినబడింది. ఒట్టు, ఒళ్లంతా పులకరించింది! రఫీ రికార్డర్ ఆన్ చేశాడు. మలుపు అవతల నల్లటి పొగ లేచింది. ఛఫ్, ఛఫ్, ఛఫ్. బరువుగా, ఓపిగ్గా, ఒక్కో ఊపిరీ లెక్కపెట్టుకున్నట్టు వస్తోంది. రఫీ కళ్లు మూసుకుని బొటనవేలు పైకెత్తాడు. ఇంజిన్ మలుపు తిరిగింది. నల్లగా, పాత రాజులా మెరుస్తోంది. నేను ఊపిరి బిగబట్టాను.

ఛఫ్ ఛఫ్ ఆగిపోయింది.

తర్వాత కీచుమంటూ బ్రేకులు! రఫీ చెవులు పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఇంజిన్ ఆవిరి కక్కుతూ వచ్చి, సరిగ్గా మా ఎదురుగా ఆగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. డ్రైవర్ తల బయటికి పెట్టాడు. మాట చూస్తే కర్నూలు మనిషి.

"ఏమప్పా! పట్టా ఏమన్నా ఇరిగిందా?"

"లేదు సార్!"

"మరి ఎర్రగుడ్డ ఎందుకు పెట్టినావ్?"

అప్పుడు చూశాను. కర్ర. కర్రకు ఎర్రటి గుడ్డ. పట్టాల వైపు చెంగు ఊపుతూ ఉన్న ఎర్రటి గుడ్డ! లోకంలో ఏ డ్రైవరైనా ఎర్రగుడ్డ కనబడితే ఆగాల్సిందే. ఇన్నేళ్లుగా ఆ జెండా పట్టుకుని ఊరూరా తిరుగుతున్నాను కానీ, దానికి రైల్వేవాళ్ల దగ్గర అంత పలుకుబడి ఉందని నాకు తెలియదు.

"సార్, అది జెండా కాదు... అంటే జెండానే. కానీ గాలికి... సౌండ్ కోసం..."

"ఏం సౌండు?"

"మీ సౌండే సార్."

"నా సౌండు కోసం నన్నే ఆపినావా!" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు.

ఇంతలో పెట్టెలోంచి రైల్వే పోలీసు కానిస్టేబుల్ దూకి, గట్టెక్కి వచ్చాడు. కిటికీల్లో అన్నీ ఫోన్లే, అందరూ నన్నే తీస్తున్నారు.

"ఏ సంఘం మీది? డిమాండ్ ఏంది?"

"ఏం లేదు సార్."

"ఏం లేకుంటనే రైలు ఆపుతరా? ఇదేమన్న ఆటో అనుకుంటివా?"

తిమ్మప్ప నెమ్మదిగా నా చెవి దగ్గరికి వచ్చాడు. "సారూ, ఆపనైతె ఆపితివి. ఒట్టిగ ఎందుకు పోనిస్తవ్? మా ఊరికి ఒక స్టాపింగు అడుగు."

నేను అక్కడే చేతులు జోడించి క్షమించమని అడిగి ఊరుకుంటే అయిపోయేది. కానీ కానిస్టేబుల్ మైకును చూసి, "పొద్దుగాల పొద్దుగాల పనిపాట లేదా? చప్పుడు పట్టుకుని ఏం జేసుకుంటరయ్యా!" అన్నాడు. ఆ మాట నా గుండెకు తగిలింది. చప్పుడు పట్టుకుని ఏం చేసుకుంటామా? నేను గొంతు సవరించుకున్నాను.

"సార్! శబ్దం కూడా చరిత్రే!" అని మొదలుపెట్టాను.

నా వెనకాల డ్రైవర్‌కు గార్డు పచ్చజెండా ఊపినట్టున్నాడు. కూత వేసింది ఇంజిన్. నేను కూతను మించి అందుకున్నాను. "బొగ్గు తోసిన చేతులకు పేరు లేదు! పట్టాలు మోసిన భుజాలకు విగ్రహం లేదు!" వెనక ఇంజిన్ ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసింది. చక్రాలు జారాయి, గబగబా కొట్టుకున్నాయి, మళ్లీ పట్టాలను పట్టుకున్నాయి. నేను రఫీ వైపు చూశాను. వాడు హెడ్‌ఫోన్లతో లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. నోటికి వేలు పెట్టుకుంటాడు, దండం పెడతాడు, మళ్లీ చేతులు ఊపుతాడు. నా దోస్తును ఇంత కదిలించానా! నా కళ్లు చెమర్చాయి. నేను ఇంకా గొంతు పెంచాను. "ఈ చప్పుడు మనది! రేపటిది కూడా మనదే!"

కదులుతున్న రైలా, కదలని నేనా అని కానిస్టేబుల్ ఒక క్షణం ఆలోచించి రైలును ఎంచుకున్నాడు. కర్ర మీది గుడ్డ లాక్కుని, "ఇంకోసారి ఈడ కనబడితివా, లోపలేస్త!" అని అరుస్తూ పరుగెత్తి చివరి పెట్టె పట్టుకున్నాడు. రైలు ఎక్కుడెక్కి వెళ్లిపోయింది. తిమ్మప్ప పోయి మోటారు వేశాడు.

"ఎట్లుంది?" అన్నాను రఫీతో, ఆయాసపడుతూ.

రఫీ హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకున్నాడు. "భాయ్, నేను రికార్డింగ్ ఆపలే" అన్నాడు.

"శభాష్!"

"ఏం శభాష్! ఎక్కుడు మీద ఆగిన ఇంజిన్ మల్ల కదులుడు! చక్రం జారుడు, పట్టుకునుడు! ఇట్లాంటి చప్పుడు కోసం జనం ఏండ్లకేండ్లు తిరుగుతరు. నీ పుణ్యాన మన ముంగటికే వచ్చింది. మైకు పక్కన నిలబడి నువ్వేం జేసినవ్?"

హెడ్‌ఫోన్లు నా చెవులకు పెట్టాడు. విన్నాను. ఇంజిన్ ఉంది. అద్భుతంగా ఉంది. అయితే అది నా వెనకాల ఉంది. ముందంతా నేనే!

బండి మీద నాగర్‌కర్నూల్‌కు బయల్దేరాం. వనపర్తిలో చాయ్ కోసం ఆగినప్పుడు నేను ఒక ఉపాయం చెప్పాను. ఇంటర్నెట్‌లో బోలెడు ఇంజిన్ చప్పుళ్లున్నాయి, ఒకటి వినిపిద్దామన్నాను.

"దాదీకి నకిలీ ఇంజినా? శబ్దం ప్రజల ఆస్తి అన్నది నువ్వేనా?" అన్నాడు రఫీ. చాయ్ చల్లారిపోయింది.

దాదీ మా కోసం పొద్దుటి నుంచి తల దువ్వుకుని, శుభ్రమైన ఓఢ్నీ కప్పుకుని, దిండుకు ఆనుకుని కూర్చుంది. వచ్చింది ఎవరని కూడా అడగలేదు. "తెచ్చినవా బేటా?" అంది అంతే. రఫీ హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు సర్దాడు. నేను మంచం పక్కన మూలకు నక్కి కూర్చున్నాను. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను.

ముందు కూత. దాదీ తల పైకి లేచింది. తర్వాత ఛఫ్ ఛఫ్. దుప్పటి కింద ఆమె కాలి వేళ్లు దానితో పాటు కదలడం మొదలుపెట్టాయి. బ్రేకులకు మొహం చిట్లించింది. కొంచెం సేపు తల ఒక పక్కకు వంచి వింది. ఇక నా ఉపన్యాసం వచ్చే చోటికి వచ్చిందని నాకు అర్థమైంది, ఎందుకంటే రఫీ కళ్లు మూసుకున్నాడు.

దాదీ నవ్వింది! నోరంతా తెరిచి నవ్వింది. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని, వాటిని మెల్లగా నిమిరింది.

"అచ్చం మన స్టేషనే బేటా! ఇంజిన్ అదే, జారి పట్టుకునుడు అదే. రైలు కదిలిందంటే సమోసాలోడు గూడ గిట్లనే గొంతు చించుకునేటోడు. కదిలే రైలు ఎంబడి ఉరుక్కుంట ఒర్రేటోడు పాపం, ఒక్కటన్న పోతదేమో అని." కళ్లు తుడుచుకుంది. "గీ పిలగాడు ఏం అమ్ముతుండు బేటా? మస్తు ఒర్రిండు. ఒక్కటన్న అమ్ముడువోయిందా?"

రఫీ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. నవ్వాపుకోలేక భుజాలు ఎగురుతున్నాయి. జవాబు చెప్పాల్సింది నేనే. పుట్టి బుద్ధెరిగాక అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"లేదు దాదీ. సరుకంతా అట్లనే ఉంది."