దేవుడి వంతు గొరక

గొరకను నోట్లో పెట్టుకోవద్దని మా నాన్న చెప్పినన్నిసార్లు, చదువుకోమని కూడా చెప్పి ఉండడు. పంట కాలువలో చేతులతో చేపలు పట్టేవాళ్ళకు ఒక పాడు అలవాటుండేది. రెండు చేతుల్లో రెండు చేపలుండగా మూడోది కనిపిస్తే, చేతిలోదాన్ని పళ్ళతో కరిచి పట్టుకునేవారు. గొరకతో ఆ ఆట కుదరదు. వీపు మీద ముళ్ళు, మొప్పల అంచున రంపం. గొంతులోకి జారిందంటే ముందుకే పోతుంది, వెనక్కి రాదు. అలా పోయిన మనిషిని నాన్న కళ్ళారా చూశాడట. అంత మొండి చేప కాబట్టే దాని పులుసుకు అంత రుచి అనేవాడు.

గుడివాడ అవతల మా ఊళ్ళో అమ్మ ఆ పులుసును మట్టి దాకలో సాయంత్రం పెట్టి, మర్నాడు పొద్దున వడ్డించేది. నా పన్నెండో ఏట అక్క నన్ను సికింద్రాబాదు తెచ్చేసుకుంది. అప్పటికి అక్కకు మెట్టుగూడలో ఒక బడిలో టీచరుద్యోగం. నాకన్నా పదేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. నన్ను చదివించింది, నాకు వండిపెట్టింది, నేను పరీక్ష తప్పితే తాను అన్నం మానేసింది. ఆ తర్వాత నేను ఉద్యోగం చేశాను, మల్కాజ్‌గిరిలో ఇల్లు కట్టాను, రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో ఇక్కడి మార్కెట్లలో బొచ్చెలు చూశాను, కొర్రమీనులు చూశాను. గొరక మాత్రం నా కంటపడలేదు.

రిటైరైనవాడికి ఏదో ఒక పిచ్చి పట్టాలి. నాకు ఆక్వాపోనిక్స్ పట్టింది. పేరు పెద్దదే గాని పని చిన్నదే. మేడ మీద అడుగున ఒక నీళ్ళ తొట్టి, అందులో చేపలు. పైన కంకర నింపిన ఇంకో తొట్టి, అందులో మొక్కలు. చేపలు మురికి చేసిన నీటిని మోటారు పైకి తోడుతుంది, మొక్కలు ఆ మురికిని తిని బతుకుతాయి, శుభ్రపడిన నీరు మళ్ళీ చేపల మీద పడుతుంది. అందరూ ఇందులో కొనుక్కొచ్చిన చేపపిల్లల్ని పెంచుతారు. నేను అందరిలాగా ఎందుకు చేస్తాను?

పోయిన ఏడు బంధువుల పెళ్ళికని ఊరికి వెళ్ళాను. పెళ్ళి భోజనం వదిలేసి, కాలువ గట్టున గాలానికి ఎర్ర గుచ్చి కూర్చున్నాను. రెండు రోజుల్లో పదకొండు గొరకలు పడ్డాయి. ఒక్కొక్కటి నా వేలంత. ఆ చేప గాలి పీల్చి బతకగలదు గనుక, స్టీలు క్యానులో తడి గోనె, కాసిని నీళ్ళు వేసి రైలెక్కాను. క్యానులో ఏమిటని పక్క సీటాయన అడిగితే పెరుగన్నాను. వరంగల్ దాటేదాకా ఆయన క్యాను వైపే చూసి, "మీ పెరుగు తంతోందండీ," అన్నాడు.

తెచ్చాక తెలిసింది అసలు కష్టం. కాలువ చేప దుకాణం మేత ముట్టదు. గుళికలు వేస్తే ఆ పక్కకు కూడా రాకుండా అడుగున రాళ్ళ మధ్య దాక్కున్నాయి. పది రోజులు అలాగే మాడాయి. పెరట్లో తవ్వి ఎర్రలు వేస్తే ఒక్కటి వచ్చింది, తర్వాత రెండు. ఇక ఎర్రల్ని ముక్కలు చేసి, గుళికల పొడిలో దొర్లించి, రోజుకు కాస్త ఎర్ర తగ్గించి కాస్త పొడి పెంచి, తొట్టి పక్కన పీట వేసుకుని బతిమాలాను. నా భార్య మెట్ల మీద నిలబడి చూసి, "ముప్పై ఐదేళ్ళలో నన్నెప్పుడైనా ఇలా బతిమాలి తినిపించారా?" అంది. నేను ఇంకో ఎర్ర ముక్కను పొడిలో దొర్లించాను.

నెలన్నరకు అవి నా అడుగుల చప్పుడుకే పైకి రావడం మొదలెట్టాయి. పైన గోంగూర ఏపుగా పెరిగింది. తొట్టి మీద మాత్రం దోమతెర కప్పి, చుట్టూ నైలాను తాడుతో కట్టేవాణ్ణి. వాన పడితే గొరక నీట్లో ఉండదు. మొప్పలు నేలకు తన్నిపెట్టి, గట్లెక్కి, చేలకడ్డంపడి నడిచిపోతుంది. చిన్నప్పుడు తొలకరికి మా వీధిలో వాటి వెంట పరుగెత్తినవాణ్ణి నేను. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ ఏడు వానాకాలం మొదట్లో అక్కకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని నాలుక చచ్చిపోయింది. వాసన లేదు, రుచి లేదు. అన్నం తింటే తడి కాగితం నమిలినట్టుందనేది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. రెండు నెలల్లో అక్క గాజులు మోచేతి దాకా జారాయి. నేను రోజూ మెట్టుగూడ వెళ్ళి ఎదురుగా కూర్చుంటే, నా కోసం నాలుగు మెతుకులు మింగేది. నాకు భయం వేసింది. దాచుకోవడమెందుకు, నాకు అమ్మా నాన్నా పోయినప్పుడు వేయనంత భయం వేసింది.

ఒకరోజు తనంతట తానే అడిగింది. "ఒరేయ్, నీ గొరకలు పెద్దవయ్యాయా? అమ్మ పెట్టినట్టు పులుసు పెడితే తింటానేమోరా."

ఎగిరి గంతేసి, "రేపే," అన్నాను.

"రేపేంట్రా? కోత పండగ కాకుండానే?"

కోత పండుగంటే మా చర్చిల్లో తొలిపంటను దేవుడికిచ్చే ఆదివారం. ఎవరింట్లో కాసింది, పెరిగింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక పెద్దలు వాటిని వేలం వేస్తారు. మా అమ్మ పాదుకు కాసిన మొదటి సొరకాయను కూడా ఇంట్లో తరిగేది కాదు. అదంతా నాకు తెలుసు. అయినా మూడు వారాలు ఆగాలనేసరికి నాకు ఒళ్ళు మండింది.

"గొరక తింటూ దేవుడు ముళ్ళెలా తీసుకుంటాడట?" అన్నాను.

అక్క నవ్వలేదు. "మొదటిది ఆయనది. తర్వాతవి మనవి," అంది. బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. సరేనని ఇంటికొచ్చేశాను.

పండుగ ముందురోజు శనివారం మధ్యాహ్నం, తొట్టి మీద దోమతెర విప్పాను. పదకొండింటిలో పెద్దదాన్ని ఎంచడానికి గంట పట్టింది. జానెడుంది, నల్లగా నిగనిగలాడుతోంది. బకెట్లో వేసి, పళ్ళెం మూసి, దాని మీద పచ్చడి నూరే రాయి పెట్టాను. దేవుడి వంతు కదా, జాగ్రత్తగా ఉండాలి. ఈలోగా చర్చి అలంకరణకు చెరుకు గడలు కట్టాలి రమ్మని ఫోనొచ్చింది. నేనూ నా భార్యా వెళ్ళాం. గడలు కడుతుండగా కుండపోతగా వాన కురిసింది. పాటలు పాడుకుంటూ కట్టాం. నాకు తొట్టి గుర్తుకే రాలేదు.

సాయంత్రం మా గేటు దగ్గరే పక్కింటావిడ ఎదురైంది.

"అన్నా, యాడికి పోయినవే? మీ చాపలు మా వాకిట్ల నడుస్తున్నయ్! నేనైతే పరేషానయిన. పట్టుదామంటే చెయ్యంత గీరుకపోయింది."

"ఎన్నున్నాయమ్మా ఇప్పుడు?"

"ఇప్పుడేడున్నయ్? ఒకటి పిల్లి ఎత్కపోయింది. అన్నీ మోరీల పడ్డయ్. పాపం, మస్తు ఉషారున్నయ్ అన్నా."

మేడెక్కి చూశాను. తొట్టి అంచు దాకా నిండి పొర్లింది. విప్పిన దోమతెర పిట్టగోడ మీద ఎక్కడ వేశానో అక్కడే ఉంది. కంకరలో, గోంగూర మొదళ్ళలో, వాన నీటి గొట్టంలో అన్నిచోట్లా వెతికాను. ఒక్కటి లేదు. నేను తడిసిన దోమతెర తెచ్చి తొట్టికి కట్టబోతే, "చేతులు కాలాక ఆకులెందుకండీ?" అంది నా భార్య. రాయి కింద బకెట్లో దేవుడి గొరక మాత్రం టపటపా కొట్టుకుంటోంది. దేవుడి వంతు మీద రాయి పెట్టి, అక్క వంతును వానకు వదిలేశాను.

అప్పటికప్పుడే మెట్టుగూడ వెళ్ళాను. దారి పొడుగునా ఉపాయం ఆలోచించుకున్నాను. దేవుడికి గోంగూర ఇద్దాం, అదీ తొలిపంటే, గొరకను ఈ పూటే వండుకుందాం అన్నాను. అక్క అంతా వింది.

"ఇచ్చాక వెనక్కి తీసుకుంటావట్రా?"

"ఇంకా ఇవ్వలేదు కదే."

"రాయి పెట్టినప్పుడే ఇచ్చేశావు," అంది. ఆమె మొహంలో ఆశ పోవడం నేను చూశాను. అది చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు గుమ్మడికాయలు, అరటి గెలలు, కోడిపుంజుల మధ్య మా బకెట్టు పెట్టాను. వేలంలో నేనే పాడి తెచ్చుకుందామని నా ఆలోచన. అది తప్పు కాదు, అందరూ చేసేదే. కానీ మా సంఘపెద్ద బకెట్టెత్తి "గొరక!" అనగానే, వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. తెల్ల పంచె, చేతికర్ర. నేను పాడితే ఆయన పెంచాడు. నేను పెంచితే ఆయన ఇంకా పెంచాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అక్క వెనక్కి తిరిగి, చాలు, కూర్చోమని చేత్తో సైగ చేసింది. కూర్చున్నాను. ఆ ముసలాయన మీద నాకు వచ్చిన కోపం ఆ రోజు ప్రసంగంలో చెప్పినదానికంతా విరుద్ధం.

మేం గేటు దాటుతుంటే వెనక కర్ర చప్పుడు వినిపించింది. పెద్దాయన బకెట్టు మోసుకుని రొప్పుతూ వస్తున్నాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

చెప్పాను. ఆయనది కాలువకు అవతలి గట్టు.

"చూసి ఏళ్ళయింది బాబూ, ఉండబట్టలేక పాడేశాను. తీరా ఇంటికి తీసుకెళ్తే మా వాళ్ళెవరికీ దీన్ని బాగు చేయడం రాదు. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చా?"

నేను అక్క వైపు చూశాను. అక్క బకెట్టు వైపు చూసింది. "భోజనానికి మా ఇంటికి రండి," అంది.

రెండు నెలలకు పైగా వంటింట్లోకి రాని మనిషి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి పెరట్లో పీట మీద కూర్చుంది. బూడిద లేదు గనుక కల్లుప్పు చల్లి, గచ్చు మీద రుద్ది పొలుసు తీసింది. ఒక్క ముల్లు గుచ్చుకోలేదు. చింతపండు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, చివర్లో మెంతిపొడి. పులుసు మరుగుతుండగా, "నాకు తెలీదు, ఉప్పు మీరే చూడండి," అని వచ్చి కూర్చుంది. నేను చూసి వేశాను. నేను వేశానని తెలియక నా భార్య ఇంకోసారి వేసింది.

దించాక రుచి చూసి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "నీళ్ళు పోస్తే పులుసు పాడవుతుంది. వదినకెలాగూ తెలీదు కదండీ," అని గొణిగింది నా భార్య. మర్నాటి దాకా ఉంచే ఓపిక ఎవరికీ లేదు. నలుగురం కూర్చున్నాం. అక్క ప్రార్థన చేసింది. పెద్దాయన మొదటి ముద్ద తిని, కళ్ళు మూసుకుని, ఏమీ అనకుండా గ్లాసెడు నీళ్ళు తాగాడు. మర్యాదస్తుడు. రెండో ముద్దకు కూడా నీళ్ళే తాగాడు.

అక్క చేప తలకాయ వేసుకుని, పులుసు కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను ఆమెను చూడలేక కంచంలోకి చూస్తున్నాను. నమిలే చప్పుడు ఆగిపోయింది.

"ఒరేయ్, ఎవర్రా ఉప్పేసింది? ఉప్పు కషాయంలా ఉంది కదరా!"

నా భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నాకు కళ్ళు మసకబారి కంచం కనిపించలేదు.

"ఏడుస్తావేంట్రా? ఇంత వయసొచ్చి ఉప్పు చూడ్డం రాదు నీకు. పాపం, ఆయన ఎలా తింటున్నారో," అని తిడుతూనే, అక్క రెండో ముద్ద కలిపింది.