తప్పు పిస్టల్‌దేనన్న ఆర్డిత్ అత్త

ఆర్డిత్ ప్రూయిట్ కోడిగుడ్లు కొనేటప్పుడు అట్టపెట్టె మూత తెరిచి, ఒక్కో గుడ్డునీ చెవి దగ్గర ఆడించి చూస్తుంది. పాల డబ్బా మీద తేదీ చదివాక, ఆ తేదీ వేసినవాడెవడని కొట్టువాణ్ణి నిలదీస్తుంది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు చర్చి గుమ్మంలో చెయ్యి కలిపితే, నాలుగడుగులు నడిచాక వేలికి ఉంగరం ఉందో లేదో తడిమి చూసుకుంది. ఇది నేను కళ్ళారా చూశాను. నా పేరు లానీ. లానీ చూశాడంటే ఈ మిస్సోరి కొండల్లో సగం మంది నమ్మరు. అది వాళ్ళ ఖర్మ.

ఊళ్ళో అందరికీ ఆవిడ ఆర్డిత్ అత్తే. ముప్ఫై ఏళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపింది. వెనక సీట్లో ఎవడి డబ్బాలో కప్ప ఉందో ముందు అద్దంలోంచి చూసి చెప్పేసేది. నా డబ్బాలో దొరికింది మాత్రం కప్ప కాదు, కాటేసే జాతి తాబేలు, బస్సు టైరంత ఉండేది. డబ్బాలో ఎలా పట్టిందని అడగకండి, పట్టింది. నేను పదో తరగతిలో బడి మానేశాను. నాకు చెప్పడానికి వాళ్ళ దగ్గర ఇంకేమీ మిగల్లేదు కాబట్టి మానేశాను. అత్త దీన్ని కూడా నమ్మదు. దిగాల్సిన స్టాపు దాటిపోయి సీటు కింద నక్కిన కుర్రాణ్ణి చూసినట్టు చూస్తుంది, నాకిప్పుడు నలభై ఆరేళ్ళు వచ్చినా.

శనివారం మధ్యాహ్నం మేమంతా పాత కంకర గుంటలో కలుస్తాం. మూడు వైపులా ఎత్తయిన మట్టి గట్టు ఉంటుంది కాబట్టి గుండు ఎటూ పోదు. ఒక చెక్క పలక మీద ఉప్పు బిస్కట్లు వరసగా నిలబెట్టి, పాయింట్ ఇరవైరెండు పిస్టళ్ళతో కొడతాం. సగం చిటికెన వేలంత తూటా. చప్పుడు తక్కువ, అదురు తక్కువ, ఖర్చూ తక్కువ. పందెం లేదు, బహుమానం లేదు, బిస్కట్టు పొడి పొడిగా రాలిపోతే చూసి మురిసిపోవడమే. నేనొకసారి ఒక్క గుండుతో నాలుగు బిస్కట్లు పగలగొట్టి, ఐదోదానికి వెన్న రాశాను. తుపాకులమ్మే హోబర్ట్ పక్కనే ఉన్నాడు, అడగండి. ఒప్పుకోడు.

గుంటకి ఒకటే కట్టుబాటు. ఒకే శనివారం నీ పిస్టల్‌లో తూటా మూడుసార్లు ఇరుక్కుంటే, ఆ రోజుకి వరసలోంచి తప్పుకుని, పందిరి కింద కుర్చీలో కూర్చుని అందరికీ కాఫీ పొయ్యాలి. ఇరుక్కున్న పిస్టల్ పట్టుకుని పక్కవాడి వైపు తిరిగి, "ఇదేంటో చూడవా" అనడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు, అందుకని పెట్టారు. ఆ రోజుకే అని మాట వరసకి అంటారు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళెవరూ మళ్ళీ వరసలోకి రాలేదు. ఒకళ్ళిద్దరు అక్కణ్ణించి నేరుగా శ్మశానానికే వెళ్ళారు. కట్టుబాటు పెట్టిన మంగలి మెర్ల్ కూడా కళ్ళు మసకబారాక, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అందులో కూర్చున్నాడు. రెండేళ్ళయింది.

నిరుటి వసంతంలో వాగు పొంగి, అత్త సామాన్ల కొట్టాన్ని ఊడ్చుకుపోయింది. దాంతోపాటే పాతికేళ్ళుగా వాడుతున్న పిస్టల్ కూడా పోయింది. దిగువన ఒక క్యాట్‌ఫిష్ దాన్ని నోట కరుచుకుని, గాలం వేసేవాళ్ళందరినీ బెదిరిస్తోందని నేనన్నాను. అత్త నవ్వలేదు. "ఆ పూట నువ్వెక్కడున్నావురా?" అని అడిగింది.

అలా ఆవిడకి కొత్త పిస్టల్ కావలసివచ్చింది. నా ట్రక్కులో హోబర్ట్ కొట్టుకి తీసుకెళ్ళాను. ముందు గదిలో వానపాములూ దాణా, వెనక గదిలో తుపాకులూ అమ్ముతాడు హోబర్ట్. తొందరపడడు, గొంతు పెంచడు. అందుకే అత్తకి వాడి మీద మరీ అనుమానం.

"ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉంది?" అంది అత్త, ఒకదాన్ని అరచేతిలో తూచి.

"కింద భాగం ప్లాస్టిక్ అత్తా. ఎంతసేపు పట్టుకున్నా చెయ్యి లాగదు. హాయిగా ఉంటుంది."

"అంత హాయిగా ఉంటే నువ్వే ఉంచుకోవచ్చుగా, నాకెందుకు అంటగడుతున్నావు?"

"నాకిలాంటివి రెండున్నాయి."

"రెండెందుకు? ఒకటి పనిచెయ్యకనేగా?"

హోబర్ట్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చిన్న తూటా పిస్టల్ పిల్లి లాంటిదత్తా. ఒకటి పెడితే తింటుంది, ఒకటి పెడితే మూతి తిప్పుకుంటుంది. రెండుమూడు రకాల తూటాలు పట్టుకెళ్ళి చూడు. ఏది గొంతు దిగితే ఆ రకమే కొనుక్కో. మ్యాగజైన్‌లో, అదే తూటాల గూటిలో, పేర్చేటప్పుడు మాత్రం ఒకదాని అంచు ఇంకోదాని వెనక చిక్కకుండా చూసుకో."

"చూశావురా లానీ, ఇరుక్కుంటుందని ముందే చెప్పి పెట్టుకుంటున్నాడు," అంది నాతో, హోబర్ట్‌కి వినపడేలా.

కొంది మరి. మొదటి శనివారమే రెండుసార్లు ఇరుక్కుంది. పేలిన గుల్ల బయటికి రాకుండా పైన నిలువుగా నిలబడిపోయేది, పొయ్యి గొట్టంలాగ. అత్త పిస్టల్ ముక్కు గట్టువైపే ఉంచి, గుల్ల పీకేసి, మళ్ళీ కొట్టేది. కొట్టినప్పుడు బిస్కట్టు తప్పేది కాదు.

"రెండు, ఆర్డిత్," అన్నాడు మెర్ల్ కుర్చీలోంచి. కళ్ళు కనపడకపోయినా, ఇరుక్కున్న చప్పుడు అతని చెవులకి తెలుసు.

"నాకూ లెక్కలొచ్చు మెర్ల్," అంది. మూడోది రాకముందే పిస్టల్ పెట్టెలో పెట్టేసి, పొయ్యి మీద కూర ఉందని చెప్పి వెళ్ళిపోయింది. ఆ వేళ ఆవిడ ఇంట్లో పొయ్యే వెలిగించలేదు. మరుసటి శనివారం తూటాలు మార్చింది. మళ్ళీ రెండు. మళ్ళీ పొయ్యి మీద కూర.

కుర్చీ వంక చూడకుండా ఉండడానికి ఆవిడ ట్రక్కు చుట్టూ తిరిగి వెళ్తోందని అప్పుడే గమనించాను. అద్దంలోంచి ప్రపంచాన్నంతా కనిపెట్టిన మనిషి ఒక మడత కుర్చీని చూడలేకపోతోంది.

నా పిస్టల్ ఇచ్చాను. నా పిస్టల్ అంటే మాటలు కాదు, దాన్ని ఒక ఏడాది బురదలో పాతిపెట్టి, తవ్వి తీసి, అక్కడే ఉడుతని కొట్టాను. అత్త చేతిలో అది నాలుగో గుండుకే పట్టేసింది.

"ఏం చేశావురా దీన్ని?" అంది.

"దేవుడి తోడు అత్తా, ఏమీ చెయ్యలేదు. నీ చేతిలోనే ఏదో తేడా ఉన్నట్టుంది."

నా జన్మలో నేను ఏ అలంకారం లేకుండా చెప్పిన నిజం అదొక్కటే. దాన్ని ఆవిడ ఎలా నమ్ముతుంది? "హోబర్ట్ నీకెంత ముట్టజెప్పాడు?" అంది.

ఆ బుధవారం హోబర్ట్‌నీ నన్నూ గుంటకి రమ్మంది. వెళ్ళేసరికి పలక మీద బిస్కట్లు పేర్చి, తూటాల డబ్బా ముందు పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్కో తూటా అడుగున గోళ్ళరంగుతో ఎర్రటి చుక్క పెట్టింది.

"ఇదెందుకత్తా?" అన్నాడు హోబర్ట్.

"మధ్యలో మీ జేబుల్లోంచి మంచివి దూర్చకుండా."

"మేమా?"

"మరెవరు, ఆ బిస్కట్లా?"

చుక్క పెట్టిన తూటాలు ఆవిడే మ్యాగజైన్‌లో పేర్చింది. ఆవిడ పిస్టల్‌తోనే ముందు హోబర్ట్ కొట్టాడు. పదికి పది పేలాయి. తరవాత నేను కొట్టాను. పదీ పేలాయి, బిస్కట్లు పదకొండు రాలాయి. అత్త కొట్టింది. రెండోదానికే గుల్ల నిలబడిపోయింది.

అత్త కిందపడ్డ గుల్లలన్నీ వంగి ఏరి, ఎర్రచుక్కలు చూసింది. అన్నీ ఆవిడ చుక్కలే. మ్యాగజైన్ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అప్పటికీ తృప్తిపడక, "చేతులు చూపించండి ఇద్దరూ," అంది, బస్సెక్కేటప్పుడు బబుల్‌గమ్ కోసం అడిగినట్టు.

చాచాం. అటూ ఇటూ తిప్పి చూసింది. నా చేతికి కొంచెం గ్రీజు, హోబర్ట్ చేతికి దాణా దుమ్ము, అంతే.

"మరి నీవి?" అన్నాడు హోబర్ట్ నెమ్మదిగా.

"నావెందుకు?"

"పరీక్ష అంటే అందరికీగా అత్తా."

న్యాయం ఆవిడ పెట్టిందే కాబట్టి కాదనలేకపోయింది. చాచింది. ఎడమచేతి బొటనవేలి పక్కన నల్లటి చార, దాని మధ్య చర్మం గీరుకుపోయి ఎర్రగా ఉంది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. గుండు పేలిన ప్రతిసారీ ఆ పిస్టల్ పైభాగమంతా చటుక్కున వెనక్కి జారి, గుల్లని విసిరేసి, ముందుకొస్తుంది. చిన్న తూటాకి బలం తక్కువ కాబట్టి, పక్కన ఏ మాత్రం రాపిడి తగిలినా అది పూర్తిగా వెనక్కి రాదు, గుల్ల సగంలోనే చిక్కుకుంటుంది. అత్త కుడిచేతి కణుపులు చెట్టు బుడిపెల్లా వాచి ఉన్నాయి. ఆ పట్టు చాలక ఎడమ బొటనవేలితో పక్కనుంచి అదిమి పట్టుకుంటోంది. తనకి తెలియకుండానే.

"బొగ్గు మసి అయ్యుంటుంది," అంది.

"ఎండాకాలంలో ఏం బొగ్గత్తా," అన్నాను.

బొటనవేలు కిందికి దించి మళ్ళీ కొట్టింది. తూటాలు ఇరుక్కోలేదు, కానీ పిస్టల్ ముక్కు చేపపిల్లలా ఊగింది. పలక మీద బిస్కట్లు ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. మ్యాగజైన్ ఖాళీ అయ్యాక పిస్టల్ బల్ల మీద పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. ఆవిడ అనుమానించకుండా ఇన్నాళ్ళూ వదిలేసింది ఆ ఒక్కదాన్నే. నేను తూటాల డబ్బా మూత పెట్టాను.

అప్పుడు, "హోబర్ట్, పక్కన ఏదీ కదలని పిస్టల్ ఉంటుందా?" అంది.

"ఉంటుంది. గొట్టం లోపల బిళ్ళ ఒక్కటే కదులుతుంది. పాత రకం, పూర్తిగా ఉక్కు. బరువు."

"ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తేలిగ్గా ఉన్నదాన్నే అంత అనుమానిస్తే, బరువుదాన్ని ఏం చేస్తావోనని."

మర్నాడు అది తెచ్చాడు. ఎవరో వాడి అమ్మింది. అత్త దాన్ని తీరిగ్గా పరీక్ష చేసింది. గొట్టంలోకి వెలుతురు పోనిచ్చి చూసింది. తూటా దూరే చోట అంచు సొట్టపడిందేమో గోటితో తడిమింది. ఎవరైనా ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ ఊరికే నొక్కుతూ ఆడుకుంటే ఆ అంచు సొట్టపడుతుందని, అలాంటిదాన్ని ఎంత మెరిసినా కొనకూడదని ఆవిడకి తెలుసు. ఇంతకుముందు వాడినవాళ్ళెవరని, ఎందుకు అమ్మారని, వాళ్ళ తల్లిది ఏ ఊరని అడిగింది. కొట్టి చూసింది. బరువుకి ముక్కు ఊగలేదు. వేలు ఎక్కడ ఆనించినా ఏదీ ఇరుక్కోలేదు. పలక మీద బిస్కట్లన్నీ పొడైపోయాయి.

అయితే ఒక చిక్కుంది. కొత్త మ్యాగజైన్ పెట్టినప్పుడల్లా, వెనకవైపు ఉన్న రెండు చిన్న చెవులు వేళ్ళతో గిల్లి పట్టుకుని, బిళ్ళని ఒకసారి వెనక్కి లాగాలి. గిల్లి పట్టుకోవడం ఆ వేళ్ళవల్ల కాదు. ఆ రోజు లాగింది హోబర్ట్.

శనివారం అందరూ ఉన్నారు. హోబర్ట్ కొట్టు వదిలి రాలేకపోయాడు. అత్త వరసలో నిలబడి, మ్యాగజైన్ పెట్టి, ఒకసారి లాగి చూసింది. వేళ్ళు జారిపోయాయి. ఇంకోసారి లాగింది. పెదవులు బిగుసుకున్నాయి. పందిరి కిందినుంచి మెర్ల్ తల ఎత్తాడు.

"అది ఇరుక్కోవడం కాదు మెర్ల్," అంది అత్త వెంటనే.

"నేనేమీ అనలేదు."

"అనబోతున్నావు."

నేను ముందుకొచ్చాను. "ఇలా ఇవ్వత్తా. నేను పంటితో లాగుతాను. ఒకసారి ట్రాక్టరు గొలుసు ఇలాగే..."

"తూటా పెట్టిన పిస్టల్ నీ చేతికా?" అంది, నన్ను పైనుంచి కిందిదాకా చూసి. మిగతావాళ్ళనీ ఒక్కొక్కళ్ళనే చూసింది. ఒకడు మాటకారి, ఒకడు తాగొచ్చాడు, ఒకావిడ మొన్న విందులో ఆలూ సలాడ్ విషయంలో అబద్ధమాడింది. అందరినీ తీసేశాక మిగిలింది పందిరి ఒక్కటే.

"మెర్ల్, లేచి రా," అంది.

"నాకు గట్టే సరిగ్గా కనపడదు ఆర్డిత్."

"గట్టు చూడమన్నానా? వేళ్ళున్నాయిగా. యాభై ఏళ్ళు కత్తెరాడించిన వేళ్ళు."

మెర్ల్ కాఫీ కూజా కింద పెట్టి, పందిరి గుంజ పట్టుకుని లేచాడు. రెండేళ్ళ తరవాత వరసలో నిలబడ్డాడు. అత్త పిస్టల్ ముక్కు గట్టువైపు తిప్పి, తన చెయ్యి తీయకుండానే, వెనకవైపు చెవులు అతని వేళ్ళకి అందించింది. అతను లాగి వదిలాడు. టక్కున పడింది.

"ఇంకేమీ ముట్టుకోకు," అంది.

"ముట్టుకోలేదు."

"ముట్టుకున్నావు. తెలిసింది."

పది గుండ్లు కొట్టింది. ఒక్కటీ చిక్కుకోలేదు. ఏడు బిస్కట్లు రాలాయి. నేను కొట్టుంటే పదిహేను రాలేవి, కాని నన్నెవరూ అడగలేదు. ప్రతి బిస్కట్టూ రాలినప్పుడు, "ఎటు రాలింది?" అని మెర్ల్ అడుగుతున్నాడు. ఆవిడ చెబుతోంది, ఎడమకని, కిందికని, పొడైపోయిందని. ఒకటి తప్పినప్పుడు మాత్రం తగిలిందంది. మెర్ల్ తల వంచి, "లేదు, మట్టిలో పడ్డ చప్పుడు వచ్చింది," అన్నాడు.

అత్త అతని వైపు తిరిగి, ఆ మసక కళ్ళలోకి చాలాసేపు చూసింది.

"నీకు కనపడుతున్నట్టుందే," అంది. రెండో మ్యాగజైన్ పెట్టి, చెవులు మళ్ళీ అతని వేళ్ళకే అందించింది.